రాజుగారి జల్లెడ

ఒకానొక రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, సెల్‌ఫోన్లూ ఉండేవి. రెండూ ఒకే కాలంలో ఎలా ఉంటాయని నన్నడక్కండి. కథ చెప్పేవాణ్ణి నేను. అంబారీ మీద కూర్చున్న దొరగారి చేతిలో ఫోను పెట్టే హక్కు నాకుంది.

ఆ రాజ్యాన్ని ప్రచండకేతు మహారాజు ఏలేవాడు. ఆయన బిరుదులు చదవడం పూర్తయ్యేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేది. ఆయన కొండల మధ్య పెద్ద జలాశయం కట్టించి, దానికి ప్రచండసాగరమని తన పేరే పెట్టుకున్నాడు. కట్ట మీద తన విగ్రహం నిలబెట్టించాడు. విగ్రహం మొహం కోటవైపు, వీపు దిగువ ఊళ్ళవైపు.

అదే రాజ్యంలో పైడమ్మ అనే ఆవిడ ‘ఊరిమాట’ అని ఒక పత్రిక నడిపేది. అచ్చు వేసే పత్రిక కాదు, ఫోన్లో చదువుకునేది. చలికాలంలో ఒకరోజు అందులో ప్రచండసాగరం కట్ట గురించి ఒక వ్యాసం వచ్చింది. రాజుగారు దాన్ని చదవలేదు. కట్టకు లోపం ఉందని రాశారట అని ఎవరో చెవిన వేశారు, అంతే. తన పేరున్న కట్టకు లోపమంటే తనకు లోపమన్నట్టే కదా అని ఆయన మండిపడ్డాడు. పైడమ్మను కోటలో ఖైదు చేయించాడు. ఆమె కంప్యూటర్లను నుగ్గునుగ్గు చేయించాడు. ఊరిమాటను మూయించాడు.

మూసింది మూసినట్టు ఉంటే నాకు కథే లేదు. తెల్లవారేసరికి అదే వ్యాసం ఇంకో చిరునామాలో తెరుచుకుంది. దాన్ని మూస్తే మరో రెండు చోట్ల లేచింది. పొరుగు రాజ్యంలో ఎవరో పుణ్యాత్ములు నకళ్ళు దాచారు. ఇక్కడి జనం ఫోన్లోనే ఆ పొరుగు దారిన చుట్టు తిరిగి వెళ్ళి చదువుకొచ్చారు. ఆ దారీ మూశారు. అప్పుడొక ఇల్లాలు పులిహోర చేయడం ఎలాగో వీడియో పెట్టింది. తాలింపులో ఆవాలు చిటపటలాడుతుంటే, గరిట తిప్పుతూనే వ్యాసమంతా చదివి వినిపించింది. ఆ రాజ్యంలో అంతమంది పులిహోర నేర్చుకోవడం అంతకుముందెన్నడూ జరగలేదు.

తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వీళ్ళెవరూ కత్తి పట్టినవాళ్ళు కారు. పాలు కాచుకుని, పిల్లలకు జడలు వేసి, పనుల్లో పడేవాళ్ళు. అయినా ఒక మాటను చేతులు మార్చి చేతులు మార్చి ఎలా బతికించుకున్నారో చూడండి!

రాజు ఊరుకుంటాడా? జల్లెడ కొలువని ఒకటి పెట్టాడు. పెద్ద హాలు నిండా కావలివాళ్ళు కూర్చుని, రాజ్యంలో ఫోన్ల మీద నడిచే ప్రతి మాటనూ జల్లించాలి. వాళ్ళకు పెద్ద నూకరాజు. కట్ట అన్న మాటే కనబడకూడదని ఆజ్ఞ. జనం కట్టను ‘అత్తగారి కుండ’ అనడం మొదలుపెట్టారు. కుండ అన్న మాట ఆపించాడు. కుమ్మరివాళ్ళు తమ సరుకు పేరు చెప్పి అమ్ముకోలేక లబోదిబోమన్నారు గానీ, కట్ట కబురు మాత్రం ఆగలేదు.

రాజు సభలో గద్దె కొట్టి అరిచాడు. "ఇంతమందిని మేపుతున్నాను. ఒక్క వ్యాసాన్ని ఆపలేరా?"

రాజుగారి ఆస్థానంలో తిప్పన అని ఒక చతురుడున్నాడు. అతను ఆ వ్యాసం ఎప్పుడో చదివాడు. అప్పటినుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. తిన్నగా చెబితే రాజు వినడు, పైగా పైడమ్మ పక్క గదిలో తననూ పెడతాడు. అందుకని లేచి, చేతులు కట్టుకుని అన్నాడు.

"మహారాజా, కావలివాళ్ళ తప్పేం లేదు. దొంగ మొహం తెలియనివాడు దొంగనెలా పడతాడు? వీళ్ళలో ఒక్కడూ ఆ వ్యాసం చదవలేదు. చదవకూడదని తమరి ఆజ్ఞ. పైనుంచి కిందిదాకా కంఠతా వచ్చినవాడైతే, అది పులిహోరలో ఉన్నా, పెళ్ళిపాటలో ఉన్నా ఇట్టే పసిగడతాడు."

రాజు మీసం దువ్వాడు. "ఈ మాత్రం ఆలోచన నాకు రాలేదనుకున్నావా? నువ్వు చెబుతావేమోనని ఊరుకున్నాను. ప్రతి కావలివాడూ దాన్ని నేర్చుకోవాలి. ఒక్క అక్షరం తప్పినా జీతం కోత!"

అలా జల్లెడ కొలువు బడిగా మారింది. పొద్దున్నే నూకరాజు అప్పజెప్పించుకునేవాడు. తడబడినవాడు మళ్ళీ మొదటినుంచి వల్లించాలి. నిజంగానే పట్టివేతలు పెరిగాయి. ఎండలు ముదిరేనాటికి ఫోన్లలో ఊరిమాట పూర్తిగా మాయమైంది. పొరుగు రాజ్యంలో నకళ్ళు దాచినవాళ్ళు కూడా బెదిరింపులకు జడిసి వాటిని చెరిపేశారు.

తొలకరికి ముందు రాజు పెద్ద సభ తీర్చాడు. "ఊరిమాట ఈ భూమ్మీద లేకుండా చేశాను. పైడమ్మ ఇక బతికినంతకాలం ఖైదులోనే ఉంటుంది. బయటికొచ్చి చూసుకోవడానికి ఆమెకు ఒక్క వాక్యం కూడా మిగల్చలేదు!"

సభంతా జేజేలు పలికింది. తిప్పన మాత్రం మెల్లగా దగ్గాడు.

"మహారాజా, మన్నించాలి. వ్యాసం పొల్లు పోకుండా ఉంది. ఈ కోటలోనే ఉంది."

"కోటలోనా? చూపించు. చూపిస్తే అడిగింది ఇస్తాను. చూపించలేకపోయావో, పైడమ్మ పక్క గది నీదే."

"ఒక్క మనవి. మొదలయ్యాక చివరిదాకా తమరు గద్దె దిగకుండా వినాలి."

"విందాంలే. ఉంటే కదా వినడానికి!"

కోటలో ప్రతి ఫోనూ వెతికించారు. పెట్టెలు, పరుపులు, ఆఖరికి వంటశాలలో పప్పు డబ్బాలూ వెతికించారు. ఏమీ దొరకలేదు. రాజు నవ్వుతూ తిప్పనవైపు తిరిగాడు. అప్పుడు తిప్పన, వరసగా నిలబడ్డ కావలివాళ్ళలోంచి నూకరాజును ముందుకు పిలిచాడు.

"నూకరాజూ, పొద్దున్నే మీరంతా అప్పజెప్పేది ఒకసారి ఏలినవారికి వినిపించు."

నూకరాజు చేతులు జోడించాడు. రాజువైపు చూసి, "సెలవిప్పించండి బాబూ" అన్నాడు. రాజు ఇంకా సంగతి అర్థం కాక తల ఊపాడు. నూకరాజు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి వెనకనున్న కావలివాళ్ళ గొంతులు కలిశాయి. మూడో వాక్యానికి వాళ్ళందరిదీ ఒకే గొంతయింది.

"ప్రచండసాగరం కట్టకు తూర్పున, చింతతోపు దగ్గర నీరు ఊరుతోంది. మొదట తేటగా వచ్చేది. తేట నీరైతే భయం లేదు. ఇప్పుడు బురదగా వస్తోంది. అంటే కట్ట లోపలి మట్టి కరిగి బయటికి వస్తోందన్నమాట. ఈసారి వానలకు జలాశయం నిండితే కట్ట నిలవదు. దిగువన ఊళ్ళున్నాయి. ఇది రాజుగారి మీద కోపంతో రాస్తున్నది కాదు. ఆయనకు ఎవరూ చెప్పరేమోనని రాస్తున్నది."

గొంతులు ఆగాయి. వింజామరలు ఆగిపోయాయి. నిషేధించిన ఆ వ్యాసాన్ని రాజు వినడం అదే మొదటిసారి.

ముందు ఆయనకు కోపమే వచ్చింది. "వీళ్ళందర్నీ కొలువులోంచి తీసేయండి!"

"చిత్తం" అన్నాడు తిప్పన. "తీసేస్తే ఎవరి ఊరికి వాళ్ళు వెళతారు. ఇప్పుడు కోటలో ఉన్న వ్యాసం రేపటికి ఊరూరా ఉంటుంది."

"అయితే ఖైదు చేయండి!"

"చిత్తం. జల్లెడ దగ్గర కొత్తవాళ్ళను పెట్టాలి. వాళ్ళకూ ఇది నేర్పాలి. నేర్పడానికి వీళ్ళైనా ఉండాలి, లేదా పైడమ్మగారైనా రావాలి."

"అసలు జల్లెడే వద్దు, ఎత్తేయండి!"

"అంతకన్నా కావలసిందేముంది మహారాజా!"

తన నోటితో తనే జల్లెడ ఎత్తేయమన్నానని రాజుకు అప్పటికి తెలిసింది. ఆ బురద నీరేదో కళ్ళతో చూద్దామని గద్దె దిగి, "పల్లకీ తెప్పించండి, కట్ట దగ్గరికి" అన్నాడు.

తూర్పున చింతతోపు దగ్గర రాజు దిగాడు. తన విగ్రహం వీపు పెట్టిన వైపు అదే మొదటిసారి రావడం. కట్ట మొదట్లో ఇసుక బస్తాలు వరసగా, ఒకదానిమీద ఒకటి, మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి సందుల్లోంచి నీరు సన్నగా కారుతోంది. రాజు వంగి దోసిలి పట్టాడు. నీరు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. అరచేతిలో ఎర్రమట్టి మిగిలింది.

"ఈ బస్తాలు ఎవరు వేశారు?" అన్నాడు.

"మేమేనండి" అన్నాడు నూకరాజు. "కంఠతా వచ్చినకాడినుంచీ మాకు తిండి సయించలేదండి. మా ఊళ్ళు కిందే కదండి. కొలువులో ఉన్నంతసేపూ తమరి ఆజ్ఞ ప్రకారం ఆపేవోళ్ళం. ఇంటికెళ్ళాక మావోళ్ళకి నోటితో చెప్పేవోళ్ళం. సెలవు దొరికినోడల్లా ఆడామగా ఊరోళ్ళని తీసుకుని ఇక్కడికొచ్చి బస్తాలు మోసేవోడండి."

రాజు దిగువకు చూశాడు. ఇళ్ళ మీద వంటపొగ లేస్తోంది. ఎక్కడో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. తను నోరు మూయించిన మాట ఇంతమంది నోళ్ళలో దాక్కుని, తన ఆజ్ఞను కూడా మోస్తూనే, ఇన్నాళ్ళూ తన కట్టకు భుజం ఒడ్డి నిలబెట్టింది. ఆయన బస్తా మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడిపోయాడు.

తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"తిప్పనా! రాజ్యంలో ఒక్కడి చెవినా పడకూడదని ఇంత పెద్ద జల్లెడ పెట్టాను. చివరికి వినకుండా మిగిలింది నేనొక్కణ్ణే!"

ఆ పూటే తూములు తెరిపించి నీటిమట్టం దింపించాడు. వానలు రాకముందే పాడైన చోట కట్ట విప్పి గట్టిగా కట్టించాడు. కావలివాళ్ళందరినీ ఆ పనికే పంపాడు. జల్లెడ కొలువు హాలుకు తాళం పడింది. తిప్పనకు తన మెళ్ళో హారం తీసి వేసి, "ఇంకేం కావాలో అడుగు" అన్నాడు. తిప్పన పైడమ్మ విడుదల అడిగాడు. ఆమెకు ఆ హాలే ఇమ్మని కూడా అడిగాడు.

పైడమ్మ బయటికి వచ్చి కొత్త కంప్యూటరు ముందు కూర్చుంది. తను రాసినదే ఆమెకు సగం గుర్తు లేదు. నూకరాజు, అతని మనుషులు చుట్టూ చేరి చెబుతుంటే ఆమె రాసుకుంది. ఒకచోట ఆమె మాట మార్చబోతే, "అలా కాదమ్మా, మీరు రాసింది ఇలాగండి" అని అందరూ ఒక్కసారే అన్నారు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చివరి వాక్యం దగ్గర ఆమె ఆగింది. "ఆయనకు ఎవరూ చెప్పరేమోనని రాస్తున్నది... ఇప్పుడిది తీసేద్దామా? ఆయనకు తెలిసింది కదా."

గుమ్మంలోంచి ఎవరో అన్నారు. "ఉండనివ్వండమ్మా. అది నాకు రాసింది."

అందరూ తిరిగి చూశారు. బిరుదులు చదివేవాళ్ళెవరూ వెంట లేకుండా, చేతిలో ఫోను పట్టుకుని, మహారాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.