రెండు చెంచాల వెండినీళ్లు

రోజుకు రెండు చెంచాలు. అందులో వెండి మిల్లీగ్రాములో అయిదో వంతు. ఏడాదికి డెబ్బై మూడు మిల్లీగ్రాములు. పదేళ్లు తాగినా గ్రాము నిండదు. అమ్మ కడుపుమంటకని రెండు వెండి తీగలు, ఒక బ్యాటరీ పెట్టి నేనే ఆ నీళ్లు తయారుచేశాను. రెండేళ్లుగా తాగిస్తున్నాను. వామదేవశాస్త్రి గారి దగ్గర వైద్యం నేర్చుకుంటూ, ఆయనకు చెప్పకుండా చేసిన పని అది. ఒకరోజు ధైర్యం చేసి అంతా చెప్పి, ఇంత కొంచెం వెండి మనిషినేం చేస్తుందని అడిగాను.

శాస్త్రిగారు కూర్చుని జవాబు చెప్పే మనిషి కారు. కండువా భుజాన వేసుకుని బయల్దేరారు. రెండు వీధుల అవతల కోటిలింగం గారిల్లు.

వసారాలో మంచం మీద ఆయన నిద్రపోతున్నాడు. మొహం, చేతులు, గోళ్ల మొదళ్లు తడిసిన పలక రంగు. పద్నాలుగేళ్లు గ్లాసులతో వెండినీళ్లు తాగాడట. మానేసి తొమ్మిదేళ్లయినా రంగు దిగలేదు. స్నేహితులు మొదట్లో నీలమేఘశ్యాముడని ఏడిపించారని, తర్వాత రావడమే మానేశారని ఆయన భార్య సుభద్రమ్మ చెప్పింది. మొన్న మాఘంలో ఊపిరి అందక నిజంగానే నీలబడ్డాడు. ఇంటినిండా మనుషులున్నారు. ఎవరికీ తేడా తెలియలేదు. పాలవాడు పిలిస్తే పలకకపోయేసరికి అప్పుడు ఆసుపత్రికి మోశారు. ఆనాటి నుంచి మంచం దిగలేదు.

చెబుతూనే ఆమె వంగి, భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి, కాసేపు ఉంచి తీసింది.

“అందరి మొగుళ్లకీ ఉన్నాడో పోయాడో మొహమే చెబుతుంది నాయనా. నేను గంటకోసారి ఇలా కనుక్కోవాలి,” అంది. నవ్విందనే అనుకుంటాను.

రంగు మొదట ఎప్పుడు కనబడిందని అడిగాను. తనకసలు కనబడలేదని, నాలుగేళ్లుగా ఆయన్ను చూడని ఆడపడుచు పుట్టింటికొచ్చి, ఆ మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయిందని చెప్పింది.

తిరిగి వస్తూ మళ్లీ లెక్క వేశాను. రెండేళ్లకు నూట నలభై ఆరు మిల్లీగ్రాములు. ఆయన తాగినదానిలో ఏ మూలకూ రాదు. అదే పైకి అన్నాను. శాస్త్రిగారు నడుస్తూనే ఉన్నారు. వీధి మలుపు దగ్గర నాకే ఉండబట్టలేదు. ఈ పూట నుంచే మాన్పిస్తానని, ఇప్పుడే వెళ్లి అమ్మను ఎండలో కూర్చోబెట్టి మొహం చూస్తానని చెప్పాను.

ఆయన ఆగారు.

“నువ్వు చూడకు,” అన్నారు. “రెండేళ్లుగా ఆమెను చూడనివాళ్లను ఎవరినైనా వెంట తీసుకెళ్లు.”