మూడు మెడలు, ఒక వెదురు పేడు

అనగా అనగా, మేఘాలు ఇంకా కొండల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే రోజుల్లో, వెన్నెలవాడ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో రాజు ఉన్నాడు, కోట ఉంది, ఏనుగులు ఉన్నాయి. కరెంటు కూడా ఉంది. రాజుల కాలంలో కరెంటేమిటి అని అడక్కండి. ఉంది, అంతే.

వెన్నెలవాడ వాళ్ళకి ఎలక్ట్రిక్ గిటారంటే ప్రాణం. అయితే అక్కడ ఒక ఆచారం ఉంది. గిటారు తయారై రాదు, ముక్కలుగా పెట్టెలో వస్తుంది. ఒళ్ళు వేరు, మెడ వేరు, తీగలు వేరు. ఒంటికి ఒక గాడి ఉంటుంది. మెడ మొదలు ఆ గాడిలో కూర్చోబెట్టి, వెనక నుంచి నాలుగు మరలు బిగించాలి. ఎవరి గిటారు మెడ వాళ్ళే బిగించుకోవాలి. "బిగించిన చెయ్యే మీటాలి" అనేవాళ్ళు పెద్దలు.

మంచి ఆచారమే. కానీ దానికి ఒక చెడ్డ చట్టం తోడైంది. వసంతోత్సవంలో ఎవరి గిటారు మెడ ఊడితే వాళ్ళు జన్మలో మళ్ళీ తీగ ముట్టకూడదు. పేరు పిలిచాక వాయించకపోయినా అదే శిక్ష.

ఈ చట్టం పెట్టమని రాజు ధీరసేనుడికి చెప్పింది ఎవరనుకున్నారు? కనకగుప్తుడు. రాజ్యంలో గిటారు పెట్టెలు అమ్మేది అతనొక్కడే. "మెడ నిలవలేదంటే చేతికి నిష్ఠ లేనట్టే ప్రభూ!" అన్నాడు. రాజు తలూపాడు.

ఏటి ఒడ్డున చెంగలువ అనే అమ్మాయి ఉండేది. వలలు అల్లేది. పొద్దున్నే ఏటి మీద వెలుగు పడి వణుకుతుంటే, ఆ వణుకు ఆమె చెవిలో పాటలా మోగేది. ఆ పాటని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురికీ వినిపించాలని ఆమె కల. మూడేళ్ళు వలలు అల్లి అల్లి, చివరికి కనకగుప్తుడి దగ్గర ఒక పెట్టె కొనుక్కుంది.

మూత తీసి చూస్తే గిటారు మెడ కొంగ మెడంత అందంగా ఉంది. ఆమె దాన్ని చెంపకి ఆనించుకుంది.

తర్వాత మెడని గాడిలో పెట్టింది. మరలు బిగించే ముందు, మెడ చివర నుంచి ఒంటి మీద తీగలు ఆనే మెట్టు దాకా ఒక దారం పట్టి చూసింది. దారం మెడ మధ్యగా పోకుండా అంచు మీదికి జారిపోయింది. మెడ వంకరగా కూర్చుంది!

తీసి మళ్ళీ పెట్టింది. వంకరే. మూడోసారి ఊపిరి బిగబట్టి పెట్టింది. వంకరే. గాడికి ఎడమ పక్క బియ్యపు గింజంత సందు ఉంది.

ఆమె పెట్టె చంకన పెట్టుకుని అంగడికి పరిగెత్తింది.

"అయ్యా, గాడి వంకరగా ఉంది."

కనకగుప్తుడు గిటారు వైపు చూడనే లేదు. ఆమె చేతుల వైపు చూశాడు. "వలలల్లే చేతులకి వాద్యాలెందుకమ్మా? వంకర నా గాడిలో లేదు, నీ వేళ్ళలో ఉంది. పో, పోయి చేపలు పట్టుకో."

అంగట్లో ఉన్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. ఒక్కరైనా ఆ గాడిని చూడాలి కదా? చూడలేదు! డబ్బు తీసుకున్నవాడు తల ఎత్తుకు నిలబడ్డాడు, డబ్బిచ్చిన పిల్ల తల దించుకుంది. ఇదెక్కడి న్యాయమో చెప్పండి!

చెంగలువ ఏటి ఒడ్డుకొచ్చి కరువుదీరా ఏడ్చింది. ఏడుపయ్యాక కళ్ళు తుడుచుకుని, వల కన్ను కొలిచే వెదురు పేడులోంచి సన్నగా ఒక ముక్క చీల్చింది. దాన్ని గాడిలో ఎడమ పక్క దూర్చింది. బిర్రుగా పట్టింది. దారం పట్టి చూస్తే తిన్నగా, ఏరు దాటే బాతులా, మెడ మధ్యగా పోయింది!

సంతోషంతో ఆమె మరలు బిగించి, తీగలెక్కించి మీటింది. ఆ మోతకి పక్క గుడిసెలోంచి పడవ నడిపే ఓబన్న తాత బయటికొచ్చాడు. మూడేళ్ళ కిందట ఉత్సవంలో మెడ ఊడి, జన్మంతా తీగ ముట్టకుండా శిక్ష పడినవాడు. అతను దగ్గరికొచ్చి, గాడిలోని ఆ వెదురు ముక్కని వేలితో తడిమాడు.

"ఎడం పక్కేనా అమ్మీ?" అన్నాడు మెల్లగా.

"నీదీ అంతేనా తాతా? మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పేది? నా ముసలి చేతులదే తప్పనుకున్నా. సిగ్గేసి అటక మీద పడేశా."

చెంగలువ అటకెక్కి ఆ గిటారు దించింది. మరలు విప్పి, తన వెదురు ముక్క తీసి తాత గాడిలో పెట్టింది. గోరంత తేడా లేకుండా సరిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది. అక్కణ్ణించి పూలమ్మే మరుదమ్మ ఇంటికి పరుగు. మరుదమ్మకీ అదే శిక్ష పడింది నిరుడు. ఆమె గిటారు గోనెసంచిలో చుట్టి ఉంది. దాని గాడిలో కూడా ఆ ముక్కే, ఆ పక్కే, బిర్రుగా పట్టింది.

"ఆ కనకగుప్తుడు నన్ను నలుగురిలో చేతకానిదానా అన్నాడే!" అని మరుదమ్మ పళ్ళు కొరికింది. "ఏడాదిగా మా ఇంట్లో పాట లేదు. పూలు గుచ్చుతుంటే కూనిరాగం తియ్యడానిక్కూడా భయమేసేది."

ఓబన్న తాత చెంగలువ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మీ, నీకు కిటుకు దొరికింది. ఆ ముక్క పెట్టుకుని హాయిగా వాయించుకో. పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"ముక్క పెట్టి సందు కప్పేస్తే వాడి తప్పు నేనే దాచినట్టు తాతా" అంది చెంగలువ. "నా పాట ఆగినా సరే, ఈ సందు రాజు చూడాల్సిందే."

ఉత్సవం రోజు పొద్దున్నే కోట మైదానం నిండిపోయింది. చెంగలువ పేరు పిలిచారు. ఆమె తీగల్లేని గిటారుతో అరుగెక్కింది. వెనకాలే ఓబన్న, మరుదమ్మ తమ గిటార్లతో వచ్చి నిలబడ్డారు.

"వాయించవేం?" అన్నాడు రాజు.

"మూడు గాడులు చూశాక వాయిస్తాను ప్రభూ. ముసలి చెయ్యి ఒకటి, పూలు గుచ్చే చెయ్యి ఒకటి, వల అల్లే చెయ్యి ఒకటి. మూడు చేతులూ మూడు రకాలు. చేతిదే తప్పయితే తప్పులు కూడా మూడు రకాలుగా ఉండాలి కదా? ఈ ఒక్క ముక్క మూడింటికీ ఎలా సరిపోయింది?"

రాజు దిగొచ్చి తానే ముక్క పెట్టి చూశాడు. ఒకటి. రెండు. మూడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

కనకగుప్తుడు ముందుకు దూకాడు. "కుట్ర ప్రభూ! ముగ్గురూ కూడబలుక్కుని గాడులు గీకేశారు!"

"అయితే మీ అంగట్లోంచి ముద్ర విప్పని పెట్టె తెప్పించండి" అంది చెంగలువ. "విప్పకముందే చెబుతున్నా. ఎడమ పక్క, బియ్యపు గింజంత."

పెట్టె వచ్చింది. రాజు తన చేత్తోనే ముద్ర విప్పాడు. ఎడమ పక్క, బియ్యపు గింజంత.

మైదానమంతా హోరెత్తింది. జనంలోంచి "నాదీ అంతే!" అని ఒక గొంతు. "మా నాన్నదీ అంతే!" అని ఇంకో గొంతు. ఎన్నేళ్ళుగానో ఎవరి ఇంట్లో వాళ్ళు దిగమింగుకున్న సిగ్గంతా ఒక్కసారి కోపమై లేచింది.

"చేతికి నిష్ఠ ఉంటే నిలుస్తుందన్నావుగా? నువ్వే బిగించు" అన్నాడు రాజు.

కనకగుప్తుడు చెమటలు కక్కుతూ మెడని గాడిలోకి సుత్తితో కొట్టాడు. మరలు బిగించాడు. తీగలెక్కించి తిప్పాడు. రెండు తీగలకి మెడ కిర్రుమంది. మూడో తీగకి ఠప్పున ఊడి, ఎగిరి అతని తలపాగాని తన్నుకుపోయింది!

అప్పుడతను రాజు కాళ్ళ మీద పడ్డాడు. "గాడులు తీసే అచ్చు ఏళ్ళ కిందటే వంగింది ప్రభూ. మార్చడానికి బద్ధకించాను. ఎవరూ నన్ను నిలదీయకూడదని ఆ చట్టం పెట్టించాను."

వింటున్నారా? అచ్చు మార్చలేక మనుషుల నోళ్ళు మూయించాడు!

రాజు ఆ వంకర అచ్చుని అక్కడే పగలగొట్టించాడు. కనకగుప్తుడు ఇంటింటికీ వెళ్ళి, క్షమించమని అడిగి, తన చేత్తో ప్రతి గాడీ సరిచేయాలన్నాడు. "నీకేం కావాలో కోరుకో" అని చెంగలువనడిగాడు.

"ఆ చట్టం కొట్టేయండి ప్రభూ. వీళ్ళ పాట వీళ్ళకిచ్చేయండి."

రాజు తల దించుకున్నాడు. "తలూపింది నేనే కదా" అని, చట్టం కొట్టేశాడు.

అప్పుడు చెంగలువ వెదురు ముక్కని తన గాడిలో పెట్టి, నాలుగు మరలు బిగించి, తీగలెక్కించి మీటింది. ఏటి మీది పొద్దుటి వెలుగు మైదానమంతా వణికింది. మూడేళ్ళుగా తెడ్డు తప్ప మరేదీ పట్టని ఓబన్న తాత చెయ్యి, నెమ్మదిగా లేచి, ఆమె తీగని ఒక్కసారి ముట్టుకుంది.

పిల్లలూ, ఒకే తప్పు పదిమంది చేతుల్లో కనబడితే ఆ తప్పు చేతులది కాదు. సిగ్గుపడి దాచుకున్న నిజం మోసగాడిని కాపాడుతుంది, నలుగురిలో పెట్టిన నిజం నలుగురినీ కాపాడుతుంది.