అత్తగారి ఆరింటి కాఫీ

రాజమండ్రి అవతారానికి తన తెలివి మీద ఉన్నంత నమ్మకం మరి దేని మీదా లేదు. భార్య శాంతకుమారి, తమ్ముడు గవర్రాజు కూడా ఆ బాపతే. ఎవరేం చెప్పినా ముగ్గురూ పొల్లుపోకుండా చేస్తారు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికే బుర్ర కావాలి. సొంతంగా ఎవడైనా చేస్తాడు," అంటాడు అవతారం.

అత్తగారు శేషరత్నం మాత్రం పెళ్ళై పన్నెండేళ్ళైనా ఈ సంగతి ఒప్పుకోలేదు. అల్లుడికి బుర్ర ఉందని ఆవిడ ఒక్కసారి అంటే చాలని పాపం అవతారం ప్రాణం కొట్టుకుంటోంది. అలాంటావిడ, మారేడుమిల్లి అడవిలో డేరా వేసుకుని ఓ రోజు ఉందామంటే సరేనంది. ఒకటే షరతు. పొద్దున్నే ఆరింటికి కాఫీ ఇవ్వాలి. లేదంటే మొదటి బస్సెక్కి ఇంటికి పోతుంది.

అంతే, అడవిలో కాఫీ ఎలా పెట్టాలా అని ముగ్గురూ చర్చకి కూర్చున్నారు.

"ఇన్‌స్టంట్ పొడి పట్టుకెళ్దాం అన్నయ్యా, వేణ్ణీళ్ళలో కలిపేస్తే అయిపోద్ది," అన్నాడు గవర్రాజు.

అవతారం సీసా తిప్పి చదివాడు. చల్లని, తడిలేని చోట ఉంచమని రాసి ఉంది. "అడవి చల్లగానే ఉంటుందిరా. మంచు పడితే తడో?" అన్నాడు. సీసాని అల్మారాలో పెట్టి తాళం వేసేశారు.

"పోనీ ఇక్కడే పెట్టి ఫ్లాస్కులో పోసుకెళ్తే?"

"ఇంటి కాఫీ తాగడానికి అడవి దాకా ఎందుకు గవర్రాజూ? ఇక్కడే తాగొచ్చుగా," అంది శాంతకుమారి. అంత గొప్ప మాటకి అన్నదమ్ములిద్దరూ చప్పట్లు కొట్టారు. చివరికి ఇత్తడి ఫిల్టరు గెలిచింది.

ఘాట్ రోడ్డంటే కళ్ళు తిరుగుతాయని అత్తగారు మాత్ర వేసుకుని వ్యాను వెనక సీట్లో నిద్రపోయింది. రేపటికి బాగా చిక్కబడుతుందని శాంతకుమారి దారిలోనే ఫిల్టర్లో పొడి వేసి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసి, ఉన్నట్టుండి కేక పెట్టింది. "ఏవండోయ్! డికాక్షన్ దిగేదాకా ఫిల్టరు కదపకూడదని అమ్మ చెప్పింది!"

ఇంకేముంది, నడిరోడ్డు మీద బండి ఆగిపోయింది. వెనక బస్సు, దాని వెనక రెండు లారీలు. బస్సు డ్రైవరు దిగొచ్చాడు.

"ఏమైందండీ బండికి?"

"బండికేం కాలేదండి. డికాక్షన్ దిగుతోందండి," అన్నాడు అవతారం.

డ్రైవరుకి ఒళ్ళు మండింది. "ఆ ఫిల్టరేదో కింద పెట్టి బండి తియ్యవయ్యా బాబూ!"

అలాగే చేశారు. కల్వర్టు గోడ మీద ఫిల్టరు పెట్టి, దానికి గవర్రాజుని కాపలా పెట్టి, బండి తీసి తిన్నగా మారేడుమిల్లి వెళ్ళిపోయారు. డేరా రెండో గుంజ పట్టుకునేవాడు లేకపోతే అప్పుడు గుర్తొచ్చాడు గవర్రాజు. వెనక్కెళ్ళి చూస్తే బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"కదిపావేంట్రా?"

"ఫిల్టరూ కదల్లేదు, నేనూ కదల్లేదు అన్నయ్యా!"

సాయంత్రం ఫారెస్టు గార్డు వచ్చి గట్టిగా చెప్పాడు. "పొయ్యి డేరాకి ఇరవై అడుగుల దూరంలో పెట్టుకోండి. మంట పూర్తిగా ఆర్పేదాకా ఒక్కరు కూడా అక్కణ్ణుంచి కదలొద్దు."

తెల్లారగట్ల మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు వెలిగించి, పాలు కాచి, గిన్నెలోనే డికాక్షన్ కలిపారు. ఆ ఘుమఘుమకి అత్తగారు శాలువా కప్పుకుని డేరాలోంచి బయటికొచ్చింది. టైము ఆరుకి రెండు నిమిషాలు తక్కువ.

"పర్లేదే శాంతా! మీ ఆయనకి బుర్ర ఉన్నట్టే ఉంది," అంది.

అవతారం కళ్ళు చెమర్చాయి. గిన్నె పట్టుకుని ఒక అడుగు వేశాడు.

"అన్నయ్యా, మంట!" అని అరిచాడు గవర్రాజు.

అవతారం ఆగిపోయాడు. మంట ఆర్పాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళ క్యాను వ్యానులో ఉంది. వ్యాను దగ్గరికెళ్ళాలంటే మంట ఆరాలి.

"మా అమ్మనడిగితే తెచ్చిస్తుందేమోనండీ," అంది శాంతకుమారి.

"పెద్దావిడకి పని చెప్తామా? బుర్ర ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?" అన్నాడు అవతారం. అని, చేతిలో ఉన్న గిన్నె ఎత్తి మంట మీద పోసేశాడు. చుయ్యిమంటూ మంట ఆరిపోయింది.

అప్పుడు ఖాళీ గ్లాసు ఒకటి తీసుకుని నిశ్చింతగా అత్తగారి దగ్గరికెళ్ళి రెండు చేతులతో అందించాడు. ఆవిడ గ్లాసులోకి చూసింది. అల్లుణ్ణి చూసింది.

"కాఫీ ఏదండీ అల్లుడుగారూ?"

అవతారం గర్వంగా బూడిద వైపు చూపించాడు. "అదిగోండి అత్తయ్యగారూ. సరిగ్గా ఆరింటికి! త్వరగా రండి, ఇంకా పొగలు కక్కుతోంది."