చక్రం తిరిగినప్పుడు ఆగిన మోత

ఏలూరులో కార్ల కరెంటు పని చేసే నాగలింగాచారి గారు, ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ముందు చేతిలో ఏదో ఒక పనిముట్టు పెడతారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న దేవసహాయానికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా ఆరోజు మనసు ఉగ్గబట్టుకోలేక భార్య గురించి అడిగేశాడు.

"కడుపు పోయినప్పట్నుంచి సలోమి మనిషి మనిషిలా లేదు గురువుగారూ. ఎలా ఉందంటే బాగానే ఉన్నానంటుంది. ఆదివారం పుట్టింటికి పోతానంటోంది, ఎన్నాళ్ళకో చెప్పదు. అసలు మళ్ళీ వస్తుందో లేదోనని భయంగా ఉందండీ. ఎలా అడిగితే నోరు విప్పుతుంది?"

ఆచారి గారు అతని చేతికి మీటరిచ్చి, జాకీ మీద లేపి ఉన్న కారు వైపు నడిచారు. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ దానికి పనిచేయడం లేదు. హెచ్చరిక దీపం వెలుగుతోంది, ఆరుతోంది. స్కానరు ముందు ఎడమ చక్రం సెన్సారును చూపిస్తే, వేరే షెడ్డులో దాన్ని మార్చారు కూడా. రోగం మాత్రం కుదరలేదు.

సెన్సారుకు వెళ్ళే తీగ రెండు వైపులా ఊడదీయించి మీటరు పెట్టమన్నారు. తీగ తెగకుండా ఉంటే మోగే మీటరది. కుయ్‌మని ఆగకుండా మోగింది.

"తీగ బాగానే ఉందండీ," అన్నాడు దేవసహాయం.

"తియ్యకు. అలాగే పట్టుకో," అని ఆయన కారెక్కి స్టీరింగును మెల్లగా తిప్పారు. చక్రం ఎడమకు తిరిగింది, దాంతోపాటు తీగ వంగింది, మోత ఠక్కున ఆగిపోయింది. చక్రం తిన్నగా రాగానే మళ్ళీ అందుకుంది. పై తొడుగు మీద గీతయినా లేదు. లోపల రాగి తెగి ఉంది.

దేవసహాయం తీగ వంగిన చోటు వైపే చూస్తూ అన్నాడు.

"రోజూ అన్నం దగ్గర ఎదురుగా కూర్చోబెట్టే అడుగుతున్నానండీ. బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం ఒక్కోసారి తన చేతులు ఊరికే ఆగిపోతాయి. చూసి కూడా, ఏమనాలో తెలీక, నేను అవతలికి వెళ్ళిపోతాను."

ఆచారి గారు కిందికి దిగి, అతని చేతిలోంచి మీటరు తీసుకున్నారు.

"పొద్దుండగానే ఇంటికెళ్ళరా. ఇవాళ ఏమీ అడక్కు. తను మడతపెడుతుంటే దుప్పటి రెండో కొస నువ్వు పట్టుకో."