బండితో ఒకరు, బీరపాదుతో ఒకరు

చిదంబరయ్య గారిని సందేహం అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. మాయ అంటే ఏమిటని అడిగినవాడికి అటక మీది సామానంతా దింపి దులిపే పని పడింది. వైరాగ్యం గురించి అడిగినావిడ చేత ఏడాదికి సరిపడా చింతపండు పిక్కలు తీయించారు. ఈ పద్ధతి తెలిశాక బద్ధకస్తులైన శిష్యులు సందేహాలు అడగడమే మానేశారు. ఏ సందేహమూ లేదు కాబట్టి వాళ్లకి ఊళ్లో జ్ఞానులని పేరు కూడా వచ్చింది. సామర్లకోటలో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రాలు గీత వినే ఆ కొద్దిమందిలో, పద్ధతి తెలిసి కూడా నోరు కట్టుకోలేనివాడు నూకరాజు ఒక్కడే.

నూకరాజుకి విత్తనాల కొట్టు ఉంది. ఆ శుక్రవారం పాఠం అయిపోయి అందరూ లేచినా అతను మాత్రం లేవలేదు.

"గురువుగారండీ, ఓ ధర్మసందేహం" అన్నాడు. "బావకీ బావమరిదికీ మాటల్లేవనుకోండి. ముందెవరు పలకరించాలండి? శాస్త్రంలో ఏముంది?"

"అనుకోవడం దేనికి? నీకూ సూరిబాబుకీ మాటల్లేవని ఊరంతా ఎరుగును కదా" అన్నారు చిదంబరయ్య గారు.

ఎరుగును మరి. సూరిబాబు నూకరాజు అక్క అనంతలక్ష్మి మొగుడు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, మధ్యన గుండెల ఎత్తు గోడ. రెండేళ్ల కిందట ఎవరిదో గృహప్రవేశంలో, నిండు పంక్తిలో, సూరిబాబు అప్పడం విరుస్తూ, "మావాడి మోటారుసైకిలు కన్నా గేదె నయం, పాలైనా ఇస్తాది" అన్నాడు. నోట్లో ముద్ద మింగకుండానే నూకరాజు, "నువ్వెక్కితే ఆ గేదె కూడా కూలబడతాది బావా" అని అందుకున్నాడు. సూరిబాబు కాస్త భారీ మనిషి. మొదటి మాటకి నవ్వినవాళ్ల కన్నా రెండో మాటకి నవ్వినవాళ్లు ఎక్కువ. సూరిబాబు మింగలేకపోయింది అదే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అనంతలక్ష్మి మాత్రం గోడ మీంచి కూరగిన్నెలు ఇటూ అటూ అందిస్తూనే ఉంది.

ఇంతవరకూ బాగానే గడిచింది కానీ, ఇప్పుడు సూరిబాబు కూతురు శిరీషకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావలసినవాడు మేనమామ. ఆ పిల్లని చిన్నప్పుడు తీర్థంలో భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు నూకరాజు. ఇప్పుడు ఎవరో వరసకి మేనమామ అయ్యేవాడొచ్చి ఆ బుట్ట ఎత్తుతాడేమోనని తలుచుకుంటే అతనికి అన్నం సయించడం లేదు. అలాగని మెట్టు దిగడమూ రావడం లేదు. మేనమామని బావ స్వయంగా గుమ్మంలోకి వచ్చి పిలవాలి, పిలవని పేరంటానికి తాను వెళ్లడు, ఇదీ నూకరాజు వాదన. నేను ఆ ఇంటి అల్లుణ్ని, పైగా వయసులో పెద్దవాణ్ని, బావమరిదే వచ్చి బావా అనాలి, ఇదీ సూరిబాబు వాదన. అనంతలక్ష్మి బొట్టుపెట్టె పట్టుకుని వస్తే, "నీ పిలుపు కాదక్కా, ఆయన్ని రమ్మను" అని నూకరాజు వెనక్కి పంపాడు. ఇద్దర్నీ ఒకే గోనెలో కట్టి గోదావరి కాలవలో తొయ్యాలన్నది అనంతలక్ష్మి వాదన.

చిదంబరయ్య గారు ఇదంతా విని వీధిలోకి చూశారు. అక్కడ నూకరాజు మోటారుసైకిలు నిలబడి ఉంది. చక్రాల నుంచి సీటు దాకా నల్లరేగడి ఎండిపోయి, అది ఏ రంగు బండో చెప్పడానికి వీల్లేకుండా ఉంది.

"ఏమిటయ్యా ఆ అవతారం?"

"పొలాలంట తిరుగుడు కదండీ."

"ఎల్లుండి ఆదివారం సాయంత్రం నన్నొకచోట దింపాలి నువ్వు. దీనిమీద కూర్చుంటే నా పంచె నారుమడి అవుతుంది. కడుక్కుని రా."

"మా ఇంట్లో పైపు లేదండి. ఇదివరకైతే బావోళ్ల పైపు గోడ మీంచి లాక్కుని కడిగేసేవాణ్ని. ఇప్పుడు సర్వీసింగు షాపుకే..."

"షాపులో వద్దు, కాలవలో అసలే వద్దు. మీ ఇంట్లోనే కడగాలి, నీ చేత్తోనే కడగాలి."

"మరి నా సందేహమండి?"

"ముందు బండి" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఇందులో ఏదో తత్త్వం ఉందనుకుంటూ నూకరాజు ఇంటికి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే దొడ్లో చేతిపంపు దగ్గర బకెట్టు, చెంబు, కొబ్బరిపీచు పెట్టుకుని కూర్చునేసరికి ఆ తత్త్వం కాస్తా ఆవిరైపోయింది. చెంబుతో పోసిన నీళ్లు పైపైన జారిపోతున్నాయి తప్ప, మడ్‌గార్డు కింద పేరుకున్న రేగడి ఎవరొచ్చారని కూడా అడగడం లేదు. పుల్ల పెట్టి పొడిచాడు. పీచు పెట్టి తోమాడు. చివరికి నేలమీద పక్కకి పడుకుని ఇంజను కిందికి చెంబు విసిరి పోస్తే, ఆ నీళ్లు తిరిగి అతని చెవిలోకే వచ్చాయి. పంపు కొట్టి కొట్టి భుజాలు పడిపోయాయి. బండికి మాత్రం మట్టి పోలేదు సరికదా, ఎండిన మట్టి కాస్తా తడిసి అంతటా సమానంగా పరుచుకుంది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల మోటారు మోగింది. సూరిబాబు రోజూ ఆ వేళకి బీరపాదుకి నీళ్లు పెడతాడు. పాదు గోడవారనే ఉంది, పందిరి గోడకన్నా ఎత్తున ఉంది. పైపులోంచి నీళ్లు బుసకొడుతూ పడుతున్న చప్పుడు వింటుంటే నూకరాజుకి ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాడు. గోడ అవతల సూరిబాబు తల కనబడింది. ఇద్దరూ చటుక్కున ఆకాశం వైపు చూశారు.

నూకరాజు కళ్లు దించి బండి సీటు మీద చెయ్యి వేశాడు. "నీ ఖర్మే అంత, నేనేం చెయ్యను! పక్కన నీళ్లు వరదలై పోతున్నా నీకు మాత్రం చెంబే గతి" అన్నాడు గట్టిగా.

మాటల్లేనివాళ్లు మాట్లాడుకోవడానికి మన వైపు ఒక రాజమార్గం ఉంది. చెప్పవలసింది గోడకో గేదెకో చెప్పడం. వినవలసినవాడు వింటాడు, విన్నానని ఒప్పుకోనక్కర్లేదు. ఈ రెండేళ్లలో ఇద్దరూ ఆ మార్గం కూడా తొక్కలేదంటే ఎంత పట్టుదలో చూసుకోండి. ఊరుకోవడం సూరిబాబు వల్ల కాలేదు.

"విన్నావటే బీరపాదూ" అన్నాడు ఆకుల్లోకి చూస్తూ. "అడిగినోళ్లకి ఏనాడైనా లేదన్నానా నేను? నోరు తెరిచి అడిగితే కొందరికి ముత్యాలు రాలిపోతాయి."

"అడిగించుకునేవాళ్లకి కొమ్ములొత్తాయే బండీ, అందుకే అడగం" అన్నాడు నూకరాజు.

"పోనీలే పాదూ, వాళ్లతో మనకేంటి. నువ్వు చూస్తే పందిరెక్కి కూచున్నావు. కాస్త ఎత్తుకి కొట్టకపోతే నీకు అందేలా లేదు."

అని సూరిబాబు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి పైకెత్తాడు. నీళ్లు పందిరి దాటి, గోడ దాటి, ఇవతల బండి ట్యాంకు మీద ధారగా పడ్డాయి.

పౌరుషమే ఉంటే నూకరాజు బండిని దూరంగా లాక్కోవాలి. "ఎండెక్కిపోతోందే, ఇలా నీడకి రా" అంటూ బండిని గోడ దగ్గరికి తోశాడు. ఆ పొద్దున ఆకాశమంతా మబ్బే.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. సూరిబాబుకి గోడ అడ్డం, కింద ఏముందో కనబడదు. "నీ వేరెక్కడుందో తెలిసి చావట్లేదే" అని పాదుని కసిరేవాడు. "నీకు వెనక చక్రం దగ్గర, ఎడం పక్కని, మట్టి దిట్టంగా ఉందే బండీ" అని నూకరాజు బండికి చెప్పేవాడు. ధార ఎడం పక్కకి తిరిగేది. "ఇంకాస్త కిందికి" అని బండికి చెబితే, "కిందికే పోత్తన్నాను కదే" అని పాదుకి జవాబు వచ్చేది. రేగడి పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. బండి అసలు రంగు ఎరుపని నూకరాజుకే చాలా రోజులకి గుర్తొచ్చింది. బీరపాదుకి మాత్రం చుక్క నీరు అందలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చిన అనంతలక్ష్మి, మొగుడు తీగతోనూ తమ్ముడు బండితోనూ సంసారం చేస్తూ ఉండడం చూసి, వచ్చిన దారినే లోపలికి వెళ్లిపోయింది.

ఉత్సాహం ఎక్కువైంది నూకరాజుకి. వెనక భాగం కూడా కడిగించుకుందామని బండిని అటు తిప్పి నిలబెట్టాడు. ధార నేరుగా సైలెన్సరు గొట్టంలోకి కొట్టింది. ఏదో గుడగుడ చప్పుడు తేడాగా వినబడి సూరిబాబు రాయి మీదికెక్కి గోడ మీంచి తొంగి చూశాడు.

"ఒరే నూకా! సైలెన్సరుకి గుడ్డ కుక్కుకోవాలని తెలీదంట్రా? ఇంజన్లోకి నీళ్లెళ్లిపోతన్నాయి!"

"పోసేది నువ్వే కదా బావా! ముందా పైపు పక్కకి తియ్యి!"

అన్నాక ఇద్దరూ ఆగిపోయారు. సూరిబాబు చేతిలోంచి పైపు జారి, నేలమీద పాములా కొట్టుకుంటూ అతణ్నే నిలువునా తడిపేసింది. అతను పరుగున వెళ్లి మోటారు ఆపి, అటునుంచి అటే ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నీళ్లు ఆగిపోయాక నూకరాజు తీరిగ్గా సైలెన్సరుకి గుడ్డ కుక్కుకున్నాడు.

ఒరే నూకా అన్న పిలుపు అతనికి చెవుల్లోంచి పోలేదు. తాను నిక్కర్లు వేసుకునే రోజుల్లో, కొత్తల్లుడిగా ఇంటికి వచ్చిన సూరిబాబు మొట్టమొదట అలాగే పిలిచాడు. రెండేళ్లుగా తాను ముఖం వాచిపోయింది ఈ పిలుపుకేనని నూకరాజుకి అప్పుడు తెలిసింది. ఒక్కసారి బావా అని గోడ మీంచి కేకేస్తే సరిపోయేది. ఆ కేక మాత్రం రాలేదు.

సాయంత్రం దగ్గుతూ తుమ్ముతూ బండి చిదంబరయ్య గారి ఇంటి ముందు ఆగింది. నూకరాజు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, కొత్త సందేహం బయటపెట్టాడు.

"అంటే ముందు బావే పలకరించినట్టే కదండీ? కానీ కంగార్లో అన్న మాట లెక్కలోకొత్తాదా అని. ఆ లెక్కన చూత్తే ముందు బండితో మొదలెట్టింది నేనే. కానీ నీళ్లు ముందు కొట్టింది ఆయన. బండి గోడకాడికి తోసింది మళ్లీ నేను. ఎవరు ముందైనట్టండీ?"

చిదంబరయ్య గారు సీటు మీద వేలితో రాసి చూసుకుని, తృప్తిపడి, పంచె సర్దుకుని వెనక ఎక్కారు.

"ఎక్కడికండీ?"

"సూరిబాబు ఇంటికి. మొన్న వచ్చి పెళ్లికి పిలిచాడు. ఆ రోజు జనంలో కూర్చునే ఓపిక నాకు లేదు, అమ్మాయికి ఈవేళే అక్షింతలు వేసి వస్తానన్నాను."

నూకరాజు కాలు కిక్కు మీంచి జారింది. "పిలవకుండా నేనెలా వచ్చేదండీ ఆ ఇంటికి?"

"నిన్నెవరు రమ్మన్నారయ్యా? పిలుపు నాకు. నువ్వు బండి నడుపు."

నూకరాజు మళ్లీ కిక్కు కొట్టి బండి నడిపాడు. తన ఇల్లు దాటి, పక్కింటి గేటు ముందు ఆపాడు. బండి చప్పుడు వినగానే సూరిబాబు చెంబుతో నీళ్లు తెచ్చి గురువుగారి కాళ్లు కడిగాడు. వెనకాలే అనంతలక్ష్మి వచ్చింది. గుమ్మం పక్కన శిరీష నిలబడి, మేనమామ లోపలికి వస్తాడా రాడా అని కళ్లలో ప్రాణాలు పెట్టుకుని చూస్తోంది. గురువుగారు మెట్టెక్కారు. నూకరాజు గేటు బయటే ఉండిపోయాడు. వెళ్లిపోనూ లేదు, బండి దిగనూ లేదు.

ఖాళీ చెంబు పట్టుకుని సూరిబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. పెదవి తడుపుకున్నాడు. తర్వాత గేటు ఊచ మీద చెయ్యి వేశాడు.

"ఏమే గేటూ" అన్నాడు. "గుమ్మం దాకా వచ్చినోళ్లని లోపలికి రమ్మనాలని తెలీదటే నీకు?"

నూకరాజు ట్యాంకు మీద లేని మరకని చొక్కా అంచుతో తుడిచాడు. "విన్నావటే బండీ? గేటు పిలుత్తోంది. గేటు పిలిత్తే వెళ్లొచ్చంటావా?"

అనంతలక్ష్మి నెత్తి కొట్టుకుంది. చిదంబరయ్య గారు తడికాళ్లతోనే వెనక్కి తిరిగారు.

"నాయనా, నాకో సందేహం" అన్నారు ఇద్దరి వైపూ చూసి. "ముహూర్తం వేళకి పిల్లని బుట్టలో మోసుకొచ్చేది బండా, గేటా?"