గంగునాయుడి విగ్రహం కొండ దిగిన తీరు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ రాలిపోవాలి. మిగిలినవి మూడే అనుకో.

మా ఊరి ప్రెసిడెంటు గంగునాయుడు తన రాతి విగ్రహం తనే చెక్కించుకున్నాడు. ఆ మీసాలకే సగం కొండ అరిగిపోయింది. దాన్ని కొండమీది క్వారీ నుంచి దించడానికి తెచ్చిన ఇంజను లేని ట్రక్కు తల మా ఊళ్లో ఉంటే తోక పొరుగూళ్లో ఉండేది. దాని ముందు తగిలించిన ట్రాక్టరేమో కోడిపుంజు తరిమితే పారిపోయేంతది.

"ట్రక్కుకి బ్రేకుల్లేవు బాబూ, దిగుడులో బరువంతా వెనకనుంచి తోసేస్తుంది. నేను బతకను. పెద్ద ట్రాక్టరు తెప్పించండి," అని డ్రైవరు సింహాద్రి మొత్తుకున్నాడు.

"నా ట్రాక్టరు ఏనుగునైనా లాగుద్ది! రేపు దించకపోతే నీ పని పోయినట్టే," అన్నాడు నాయుడు.

సింహాద్రి పెళ్లాం పైడితల్లి చేతులు జోడించింది. "లాగదని ఎవరన్నారు బాబూ? దిగువన మలుపు దగ్గర, రోడ్డు నడిమధ్యన తమరు పూలదండ పట్టుకుని నిలబడండి. మా ఆయన సరిగ్గా తమరి ముందుకొచ్చి ఆపుతాడు. ఊరంతా చూస్తుంది."

నాయుడు మీసం దువ్వాడు. తర్వాత ఆ వాలు చూశాడు, విగ్రహాన్ని చూశాడు.

"ఆగుద్దంటావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తమరి ట్రాక్టరు కదా బాబూ, తమరికే తెలియాలి," అంది పైడితల్లి.

సాయంత్రానికల్లా ఇల్లంత ట్రాక్టరొచ్చింది, బ్రేకులున్న ట్రక్కుతో సహా. అయినా నాయుడు దండ పట్టుకుని రోడ్డు పక్క మేడెక్కే నిలబడ్డాడు.

సరేలే అమ్మాయ్, కూర్చున్నది చాలు. మిల్లుకెళ్లి తవుడు బస్తాలు పట్రా. సైకిలు మీద ఒక్కొక్కటే సుమా, దారిలో దిగుడుంది.