భావనారాయణ చేసిన సేవ

చీరాల చేనేత పేటలో భావనారాయణ అనే నేతగాడు ఉండేవాడు. మంచివాడే గానీ, తన మంచితనాన్ని నలుగురూ మెచ్చుకోకపోతే అన్నం సహించని మనిషి.

అతని భార్య శేషారత్నానికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది. మందు ఎక్కించడం మొదలైంది. గుంటూరు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే రోజ్‌లిన్ మేడమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. "రోజూ ఓపికున్నంత సేపు నడవాలమ్మా. ఆపరేషన్ అయిన వైపు చేతి వేళ్లను గోడ మీద మెల్లగా పైకి పాకించాలి. చిన్నచిన్న పనులు చేసుకోవచ్చు. చెయ్యి పట్టేయకుండా ఉంటుంది, మనసూ తేలిక పడుతుంది."

భావనారాయణ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక మాత్రం భార్యను మంచం దిగనివ్వలేదు. తనే వండాడు, తనే ఊడ్చాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమె చుడుతున్న నూలు కండెలను ఎదురింటి పున్నమ్మకు అప్పగించాడు. పేటలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "మొగుడంటే భావనారాయణే!" అన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజున అతని మగ్గం ఇంకాస్త చురుగ్గా ఆడేది.

"వీధి చివరిదాకా నడిచొస్తానండీ," అని శేషారత్నం అడిగేది.

"చాల్లే. జబ్బుమనిషిని వీధిలో తిప్పుతున్నానని జనం నా మొహాన ఉమ్మేస్తారు," అనేవాడు.

"పోనీ నాలుగు కండెలన్నా చుట్టనివ్వండి. ఊరికే కూర్చుంటే పిచ్చి ఆలోచనలొస్తున్నాయి."

"నేనుండగా నీకేం ఖర్మ?" అనేవాడు, ఎదురింటికి వినబడేలా.

కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. తర్వాత మాట్లాడడమే తగ్గించేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. మందుల వల్ల నీరసమని భావనారాయణ సరిపెట్టుకున్నాడు.

నెలన్నర తర్వాత మళ్లీ రోజ్‌లిన్ దగ్గరికి వెళ్లారు. గదిలో మరో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల తాలూకు మనుషులు ఉన్నారు.

"వ్యాయామం చేస్తున్నారా?" అని రోజ్‌లిన్ అడిగింది.

శేషారత్నం నోరు తెరిచేలోపే, "రోజూ దగ్గరుండి చేయిస్తున్నా మేడమ్," అన్నాడు భావనారాయణ. పక్కావిడ మెచ్చుకోలుగా చూసింది. అతనికి కడుపు నిండింది.

"ఏదీ, చెయ్యి పైకెత్తమ్మా."

ఎత్తింది. భుజం దాకా కూడా రాలేదు. నొప్పికి పళ్లు బిగబట్టింది. రోజ్‌లిన్ అతని వైపు చూసింది. భావనారాయణ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన చెప్తూనే ఉన్నారు మేడమ్," అంది శేషారత్నం తలొంచుకుని. "నేనే బద్ధకించాను."

"ఇలా అయితే ఎలాగమ్మా? నీ ఒళ్లు నువ్వే చూసుకోవాలి కదా," అని రోజ్‌లిన్ మందలించింది. చేయని తప్పుకు ఆమె మాట పడుతుంటే, పక్కనే నిలబడి కూడా ఆ పెద్దమనిషి నోరు మెదపలేదు.

వరండాలోకి వచ్చాక అడిగాడు. "ఎందుకలా చెప్పావు రత్నం?"

"నలుగురిలో చిన్నబోతే మీరు తట్టుకోలేరు కదండీ. నాదేముంది, ఎలాగూ ఎందుకూ పనికిరానిదాన్నయ్యాను."

భావనారాయణ సిగ్గుతో చచ్చిపోయాడు. ముప్పై ఏళ్లు తనతో సమానంగా కష్టపడిన మనిషి చేత ఆ మాట అనిపించింది తనేనని అప్పటికి తెలిసింది. ఆమె కళ్లలోకి చూడలేక వెనక్కి తిరిగి ఆ గదిలోకే వెళ్లాడు. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు.

"మేడమ్, ఆమె బద్ధకించలేదు. నడుస్తానంటే నేనే వద్దన్నాను. మంచి మొగుడినని అనిపించుకోవాలని మంచానికి కట్టేశాను. ఇందాక అబద్ధమాడిందీ నేనే."

పక్కావిడ మొహం తిప్పుకుంది. అతను తలెత్తలేకపోయాడు.

"ఇంకా మించిపోయింది లేదు," అంది రోజ్‌లిన్. "రేపే మొదలుపెట్టండి. ఎంత నడవాలో ఆమెనే చెప్పనివ్వండి."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వీధిలోకి వచ్చారు. అరుగు మీద కూర్చున్న పున్నమ్మ చూసింది. "అయ్యో, జబ్బుమనిషిని నడిపిస్తున్నావా? నువ్వింత కఠినాత్ముడివనుకోలేదు నాయనా!"

సంజాయిషీ అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. భార్య వైపు తిరిగి, "చాలా రత్నం? ఇంకాస్త వెళ్దామా?" అని అడిగాడు.

ఆమె చాలా రోజులకు నవ్వింది. "ఆ మలుపు దాకా వెళ్దామండీ," అంది. వెళ్లారు. అతని చెవులు సిగ్గుతో ఇంకా మండుతూనే ఉన్నాయి.

జబ్బుపడ్డవాళ్లను కూర్చోబెట్టి పొగడ్తలు అందుకునేవాడి కంటే, వాళ్ల పక్కన నడుస్తూ నాలుగు మాటలు పడేవాడే అసలైన తోడు.